బిరడా తీసిన పడవ

కనుమ మర్నాడు, సెలవు ఇంకా ఒక్క రోజు ఉంది. పొద్దున ఆరున్నరకే మామ పెరట్లో పడవ పక్కన గొంతుక్కూర్చుని, అంచు మీదికి వంగి వాసన చూస్తున్నాడు.

"అల్లుడూ, వాసన పైన లేదు. అడుగున ఉండాది" అన్నాడు నన్ను చూడగానే.

ఈ పడవను పది రోజుల క్రితం రేణిగుంట దారిలో ఒక షెడ్డులో కొన్నాం. 14 అడుగుల ఫైబర్ పడవ. మొదట చేపలు పట్టినవాళ్ళ దగ్గర ఉండి, తర్వాత సరదాగా తిరగడానికని కొన్న ఒకాయన చేతికి వచ్చింది. ఆయన దాన్ని టార్పాలిన్‌తో బిగించి కట్టి రెండేళ్ళు అలాగే వదిలేశాడు. రెండు కార్తీకాల వానలు దాని మీద పడ్డాయి. మేం చూసిన రోజు మాత్రం కడిగి పెట్టారేమో, తెల్లగా మెరుస్తోంది. ఇంటికి తెచ్చి ఒక్క రాత్రి కప్పి ఉంచితే, తెల్లారి విప్పగానే గుప్పున కొట్టింది. తడి గోనెసంచి వాసన, దాని వెనక ఎప్పటిదో నీచు.

మామది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డు. 2022 దాకా వాళ్ళది నెల్లూరు జిల్లా, ఇప్పుడు మా తిరుపతి జిల్లానే. ఆయన పాత పడవ అడుగు పగిలిపోయింది. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి ఈ పడవే ఆయనకు రేపటి రొయ్యలూ పీతలూ. అందుకే పైపైన రంగు పూసి పంపడానికి నాకు మనసొప్పలేదు.

అడుగున పరిచిన ప్లైవుడ్ పలకను విప్పడానికే గంట పట్టింది. స్క్రూలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. పలక పైకి లేపగానే ఇద్దరం ఒక అడుగు వెనక్కి వేశాం. పలక కింది వైపంతా నల్లటి చుక్కలు, మధ్యలో బూడిద రంగు నూగు. కరోనా నాటి మాస్కులు రెండు బీరువాలో దొరికితే పెట్టుకున్నాం. పొడిగా ఉన్నప్పుడు గీకితే ఆ పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి ముందు నీళ్ళు చిలకరించి తడిపాం.

ఫైబర్ గోడల మీదున్న బూజు సబ్బునీళ్ళకే చాలా వరకు పోయింది. నిజానికి బూజు ఫైబర్‌ను తినదు, దాని మీద పేరుకున్న మురికిని తింటుంది. మురికి పోతే దానికి తిండి లేదు. చెక్క సంగతి వేరు, చెక్క దానికి తిండే. పలక అంచున స్క్రూడ్రైవర్ ఆనించి కొద్దిగా నొక్కితే, నానిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది. మామ దాన్ని గోడకు చేరేసి, "ఇది పొయ్యిలోకి కూడా పనికిరాదు" అన్నాడు.

అసలు విషయం పలక కింద బయటపడింది. అడుగున అడ్డంగా నాలుగు దిమ్మెలున్నాయి. చేరిన నీళ్ళు వెనక్కి జారి, వాటిని బయటికి వదిలే రంధ్రానికి పెట్టిన బిరడా దగ్గరికి వచ్చేలా ఒక్కో దిమ్మెకు చిటికెన వేలు పట్టేంత రంధ్రం పెట్టారు. ఆ నాలుగూ మూసుకుపోయాయి. మామ చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి మొదటి రంధ్రంలో పెట్టి తిప్పాడు. ముందు వేపాకుల ముద్ద వచ్చింది, తర్వాత నైలాన్ దారం చిక్కు, దానికి అంటుకుని ఎండిపోయిన రొయ్య మీసాలు, గోరంత చేప పొలుసులు. ఆ తర్వాత ఒక్కసారిగా, బుడగలతో, ఇంగువ డబ్బా మూత తీసినంత ఘాటుగా నల్లనీళ్ళు. రెండేళ్ళ నాటి వాననీళ్ళు! పడవను వెనక్కి వాల్చి బిరడా తీస్తే బకెట్‌న్నర కారాయి.

కూర్చునే బల్ల కింద స్పాంజి కూడా నీళ్ళు తాగి ఉంది. బొటనవేలితో నొక్కితే నీరు ఊరింది. దాన్ని కోసి తీసేయాల్సిందేనని మామ పట్టుబట్టాడు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటేనని బడిలో చదువుకున్నాం, కానీ లోతు చూస్తే చాలా చోట్ల మోకాలి లోతే, నడుం లోతే. అక్కడ పడవ బరువెక్కితే అడుగు బురదకు రాసుకుంటుందట. దాచిపెట్టిన తడి అంటే వాసన ఒక్కటే కాదని నాకప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం ఒక పెద్ద తప్పు తప్పింది. మిగిలిన మరకల మీద నేను వెనిగర్ నీళ్ళు కొట్టి ఉంచాను. అది చూడకుండా పక్కింటి అన్న సాయానికొచ్చి బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీశాడు. "అన్నా, వద్దు!" అని అరిచాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బాత్రూం యాసిడ్‌తో కలిపినా అంతే. వంగి పనిచేసే పడవలో అది నేరుగా మొహానికే తగులుతుంది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు గానీ, విషయం చెప్పాక తనే డబ్బా తీసుకెళ్ళి వాళ్ళ వరండాలో పెట్టొచ్చాడు.

అమ్మ సంగటి, మిగిలిన నాటుకోడి పులుసు పెట్టింది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా మామ వేళ్ళ దగ్గర ఆ వాసన పోలేదట. ఎడమచేత్తో తినలేను కదక్కా అంటుంటే అమ్మే ముద్దలు చేసి పెట్టింది, చిన్నప్పుడు తమ్ముడికి పెట్టినట్టే.

సాయంత్రం లైఫ్ జాకెట్లు రెండూ సబ్బునీళ్ళతో కడిగి నీడలో వేలాడదీశాం. బ్లీచింగ్ తగిలితే పట్టీలు బలం పోతాయి, ప్రాణం ఆనేది వాటి మీదే. పడవకు ముందు వైపు నాలుగు ఇటుకలు ఎత్తుపెట్టాం. వారం రోజులు ఎండ, గాలి తగలనివ్వాలి. రాత్రి మంచుకు పైన కప్పినా పక్కలు తెరిచే ఉంచాలి. నీళ్ళకు తట్టుకునే కొత్త మెరైన్ ప్లైవుడ్, దాని అంచుల్లోకి తడి దిగకుండా రెజిన్ పూత, ఆ తర్వాతే రంగు. మామ మళ్ళీ ఆదివారం వస్తానన్నాడు.

సూళ్ళూరుపేట బస్సు ఎక్కించి వచ్చి, చీకటి పడ్డాక ఒకసారి వంగి వాసన చూశాను. సబ్బు, వెనిగర్, ఎక్కడో సన్నగా ఇంకా నీచు. బిరడా కోసం చుట్టూ వెతికాను, ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే మామ, "నా జేబులో ఉండాది. మీరెవరన్నా మూసేస్తారని ఎత్తుకొచ్చినా" అన్నాడు.