ఈఎస్ఐలో ఉన్నామా, లేమా? తేల్చేవి రెండు తేదీలు

నెల జీతం 21,000 రూపాయలు దాటగానే ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం, జబ్బు సెలవు డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా పథకం) పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కొన్ని కంపెనీల్లో హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఆ నెల నుంచే కటింగ్ ఆపేస్తారు. అది తప్పు, నష్టపోయేది ఉద్యోగి. ఈఎస్ఐ ఏడాదిని రెండు ముక్కలుగా చూస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒకటి, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఇంకొకటి. వీటినే కంట్రిబ్యూషన్ పీరియడ్ అంటారు. అది మొదలయ్యేనాటికి జీతం 21,000 మించకుండా ఉంటే (వికలాంగులకైతే 25,000) మధ్యలో ఎంత పెరిగినా ఆ పీరియడ్ ముగిసేదాకా మీరు ఈఎస్ఐలోనే ఉంటారు.

జూన్‌లో జీతం 20,000 నుంచి 22,500 అయిందనుకుందాం. సెప్టెంబర్ దాకా కటింగ్ 22,500 మీదే పడుతుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 168.75. దాన్ని పై రూపాయికి సర్ది 169 పట్టుకుంటారు. కంపెనీ 3.25 శాతం కడుతుంది. అక్టోబర్ 1న మీరు పథకం నుంచి బయటికి వస్తారు. అయినా ఆ ఆరు నెలల్లో 78 రోజులకు చందా (ఆ కటింగ్, కంపెనీ వాటా) పడి ఉంటే, వైద్యం వచ్చే జూన్ 30 వరకు అందుతుంది. ఎందుకంటే ఏప్రిల్–సెప్టెంబర్ చందాకు ఫలితం జనవరి–జూన్‌లో, అక్టోబర్–మార్చి చందాకు ఫలితం జులై–డిసెంబర్‌లో వస్తుంది.

ఆ 78 రోజుల లెక్కే జబ్బు సెలవు డబ్బుకూ ఆధారం. రోజు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు ఇస్తారు. మొదటి రెండు రోజులకు సాధారణంగా రాదు. ప్రైవేటు డాక్టరు చీటీ ఒక్కటే పట్టుకెళ్తే పని జరగదు, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. జీతం లేని సెలవులు 78లోకి రావు కాబట్టి, తరచూ నాగాలు పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కొత్తగా చేరినవాళ్ల లెక్క వేరు. వైద్యం చేరిన రోజు నుంచే ఉంటుంది, కానీ జబ్బు సెలవు డబ్బు మొదలయ్యేది చేరిన తేదీకి తొమ్మిది నెలల తర్వాత. జనవరి 5న చేరితే అక్టోబర్ 5 నుంచి అన్నమాట. మొదటి పీరియడ్ చిన్నది కాబట్టి, అందులో పనికి వీలైన రోజుల్లో సగానికి చందా ఉంటే చాలు.

నమోదు చేయించాల్సింది కంపెనీయే, అదీ చేరిన 10 రోజుల్లోపు. ఆధార్, బ్యాంకు ఖాతా, కుటుంబ వివరాలు ఇవ్వండి, దగ్గరి డిస్పెన్సరీ ఎంచుకోండి. ఇంటివాళ్లు వేరే ఊళ్లో ఉంటే వాళ్లకు అక్కడి డిస్పెన్సరీ విడిగా పెట్టించవచ్చు. ఈ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా పడాలి. తేడా ఉంటే తీరా ఆస్పత్రి కౌంటర్ దగ్గర చిక్కు వస్తుంది. పెళ్లయినా, బిడ్డ పుట్టినా వెంటనే పేరు చేర్పించండి.

ఎక్కువగా జరిగే పొరపాటు రెండో ఐపీ నంబరు (ఈఎస్ఐలో ఉద్యోగికి ఇచ్చే బీమా నంబరు). ఆ పది అంకెల నంబరు జీవితాంతం ఒక్కటే. ఉద్యోగం మారినప్పుడు పాతది చెప్పకపోతే కొత్త కంపెనీ ఇంకోటి తీస్తుంది. చందా రెండు చోట్ల చీలిపోయి ఎక్కడా 78 రోజులు నిండవు. అలా జరిగి ఉంటే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రెండూ కలపమని అర్జీ పెట్టండి.

కంపెనీ ప్రతి నెల చందాను మరుసటి నెల 15లోపు కట్టాలి. ఆ తర్వాత ఒకసారి ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ఎన్ని రోజులకు, ఎంత జీతం మీద పడిందో చూసుకోండి. పే స్లిప్పులో కటింగ్ కనిపించి అక్కడ కనిపించకపోతే, ఆ స్లిప్పు కాపీతో బ్రాంచి ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్లిప్పులు పారేయకండి, కంపెనీ కాదన్నప్పుడు మీ చేతిలో ఉండే రుజువు అవే.