బరంపురం కాగితాలు

మా సోంపేట వాళ్లు నన్ను ‘ఫారిన్‌లో ఉన్నాడు’ అని ఆటపట్టిస్తారు. రైలెక్కి ఇచ్ఛాపురం దాటితే వచ్చేదే బరంపురం. కూరల బేరం తెలుగులో, అద్దె గొడవ తెలుగులో, పక్కింటి ముసలమ్మ తిట్లూ తెలుగులోనే. ఉగాదికి సెలవు బతిమాలి తీసుకోవాలి, ఒడియావాళ్ల రజో పండగకి అడక్కుండానే ఇస్తారు, అంతే తేడా అనుకున్నాను మొదట్లో. పరాయి చోటని తెలిసేది కాగితం చేతికొచ్చినప్పుడు. స్కూలు నోటీసూ, మున్సిపాలిటీ రసీదూ ఒడియాలో ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, వి.వి. గిరి 1894లో పుట్టింది ఇక్కడే. గీత గీసినప్పుడు కాగితం అటు పోయింది, మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

నా ఉద్యోగం సరిగ్గా ఆ కాగితాలతోనే. స్కూళ్లకీ, ల్యాబులకీ, చీరల కొట్లకీ వెబ్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు మాది. గుమాస్తా బ్రౌజర్‌లో పేరు కొడతాడు, బటన్ నొక్కుతాడు, సర్వర్లో పీహెచ్‌పీ అనే భాషలో రాసిన స్క్రిప్టు సర్టిఫికెట్ ఫైలు తయారుచేసి పంపిస్తుంది. వినడానికి పూటపనిలా ఉంటుంది.

పూటలో అయిపోయే దారి ఉంది కూడా. మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ రాసి, పైన హెడర్లో ‘ఇది వర్డ్ ఫైలు’ అని చెప్పి, పేరు చివర డాక్ తగిలిస్తే చాలు, వర్డ్ నోరు మూసుకుని తెరుస్తుంది. ఈ చిట్కాతో బతికిన ఆఫీసులు చాలా ఉన్నాయి. కానీ పేజీ వెబ్ లేఅవుట్‌లో తెరుచుకుంటుంది, స్కూలు ముద్ర బొమ్మ ఫైల్లో ఉండదు, ఇంటర్నెట్ పోతే బొమ్మా పోతుంది. సర్వర్ మీదే వర్డ్ పెట్టి స్క్రిప్టుతో నడిపించేవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్టే వద్దంటుంది ఆ పని. మనిషి లేనిచోట వర్డ్ ఏదో డైలాగ్ బాక్స్ తెరిచి ‘ఓకే’ కోసం కూర్చుంటే, రాత్రంతా కూర్చుంటుంది.

నేను వాడేది డాక్స్, అంటే వర్డ్ ఇప్పుడు దాచే ఫైలు రకం. అది నిజానికి ఒక జిప్ మూట. విప్పితే లోపల ట్యాగుల మధ్య మాటలు రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు. 2006 డిసెంబరులో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దీన్ని ప్రమాణంగా ఒప్పుకుంది, 2008లో ఐఎస్‌ఓ కూడా. నమూనా సర్టిఫికెట్ వర్డ్‌లోనే చేసి, పేరు రావాల్సిన చోట ఒక గుర్తు పెట్టి, స్క్రిప్టులో ఆ గుర్తు బదులు పేరు పెట్టేస్తే సరి. గుర్తుని మధ్యలో ఆగి దిద్దితే వర్డ్ దాన్ని లోపల రెండు మూడు ముక్కలు చేసి దాచుకుంటుంది, వెతికితే దొరకదు. అందుకే గుర్తుని ఒక్క ఊపులో టైపు చేయమంటాను. ‘రావ్ అండ్ సన్స్’లో అండ్‌కి బదులు ఆ మెలిక గుర్తు (&) వేసే కొట్లు ఇక్కడ బోలెడు. దాన్ని ఎస్కేప్ చేయకుండా, అంటే దాని బదులు రాయాల్సిన కోడు రాయకుండా, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పడేస్తే ఫైలు పాడైందంటుంది వర్డ్.

అసలు తలనొప్పి లిపి. ఒక ప్రైవేటు స్కూల్లో హెడ్‌క్లర్కు తెలుగావిడే. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియా. తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేరు. నేను ఒడియా కూడబలుక్కుని చదువుతాను. అంతకుముందు ఎవరో చేసిచ్చిన ప్రోగ్రాం తీసిన పీడీఎఫ్ నా ముందు పెట్టారు.

“ఇది చూడండి బాబూ, చిన్న పిల్లాడు రాసినట్టు లేదూ?”

“ఏటండీ తేడా? నాకు అక్షరాలన్నీ ఉన్నట్టే ఉన్నాయి.”

“అన్నీ ఉన్నాయి, ఉండాల్సిన చోట లేవు. ‘రే’లో గుర్తు ఎడమపక్కకి రావాలి కదా, కుడిపక్కన పడింది.”

‘బ్రహ్మపురరే’ అన్న మాట అది, అంటే బరంపురంలో అని. ఊరి పేరులో రెండు సంయుక్తాక్షరాలు, చివర ఆ ‘రే’. ఒడియాలో ఏత్వం గుర్తు హల్లుకి ఎడమ పక్కన రాస్తారు. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూనికోడ్ వరసలో మాత్రం హల్లు తర్వాతే ఉంటుంది. ఆ వరస మార్చి అక్షరాన్ని కూర్చేది ఫాంటులోని నియమాలూ, వాటిని చదివే ఇంజినూ. పీడీఎఫ్ తయారుచేసేందుకు స్క్రిప్టులో కలుపుకునే రెడీమేడ్ కోడుని లైబ్రరీ అంటాం. టీఎఫ్‌పీడీఎఫ్ లాంటి లైబ్రరీలకి ఆ ఇంజిన్ లేదు, వచ్చిన వరసలో అచ్చేసి ఊరుకుంటాయి. తెలుగైతే వత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడతాయి. ఎమ్‌పీడీఎఫ్‌కి ఆ తెలివి ఉంది, కాకపోతే మనం చేర్చుకున్న ఫాంటుకి ఆ నియమాలు వాడమని చెప్పే ఓటీఎల్ సెట్టింగు వేస్తేనే వాడుతుంది. అప్పట్నించీ ఏ లైబ్రరీ చూసినా ముందు ‘బ్రహ్మపురరే’ అచ్చేసి చూస్తాను. ఆవిడకి చూపించనిదే బిల్లు పంపను.

డాక్స్‌లో ఈ బాధ లేదు, కూర్పంతా చదివేవాళ్ల వర్డే చూసుకుంటుంది. వేరేది ఉంది. ఇంగ్లిషు అక్షరాల సైజు ఒక చోట, మన లిపుల సైజు ఇంకో చోట రాయాలి. మనవి వర్డ్ లెక్కలో సంక్లిష్ట లిపులు. అదీ అర పాయింట్లలో. పన్నెండు కావాలంటే 24 అని. మొదటిది మాత్రమే రాస్తే ఇంగ్లిషు పేరు పెద్దగా, కిందే ఒడియా పేరు బెరుగ్గా కనిపిస్తుంది.

ఈ మధ్య ఆవిడ ఇంకో లైను అడిగారు. టీసీ తీసుకుని శ్రీకాకుళం వైపు వెళ్లే పిల్లలకి పేరు తెలుగులో కూడా ఉండాలట. పెట్టాను. నా కంప్యూటర్లో బాగానే ఉంది. సర్వర్లో వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీసుతో పీడీఎఫ్ చేస్తే తెలుగు లైనంతా డబ్బాలు, ఆ లినక్స్ మిషన్లో తెలుగు ఫాంటే లేదు మరి. లోహిత్ అనే తెలుగు ఫాంటు ఎక్కించాక వచ్చింది. సరిచూడమని కాగితం ఇస్తే ఆవిడ నవ్వేసి, “ఇది మీరే చూసుకోవాలి బాబూ” అని ఒడియా లైను మాత్రం వేలితో చదువుకుంటూ సంతకం పెట్టారు.