అక్క కేస్ షీట్ చేతికొచ్చాక

మా అక్కకు 2022లో కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఆసుపత్రి పేరు, డాక్టరమ్మ పేరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా అప్పీల్లో ఉంది. ఇలాంటి కష్టంలో ఉన్న కుటుంబాలకు పనికొస్తుందని మేం నడిచిన దారి మాత్రం చెబుతాను. ఆపరేషన్ బల్ల మీద జరిగిన పొరపాటుకు వినియోగదారుల కమిషన్ డాక్టరమ్మను తప్పు పట్టలేదు. ఆ తర్వాతి రోజుల్లో చేయాల్సింది చేయనందుకు తప్పు పట్టింది. ఈ తేడా మాకు అర్థం కావడానికే చాలా కాలం పట్టింది.

అక్క వాళ్లది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని ఊళ్లో ఆర్ఎంపీకి చూపించుకుంటే, ఆయనే ఫోన్ చేసి ఫలానా ఆసుపత్రికి పొమ్మన్నాడు. స్కానింగ్‌లో గడ్డలు కనిపించాయి. మందులతో చూద్దామన్న మాటే రాలేదు. "పిల్లలు పెద్దోళ్లయిపోయారు కదమ్మా, సంచి తీసేస్తే పీడ పోతుంది" అన్నారు. మన దగ్గర ఈ మాట వినని ఇల్లు తక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. ఆర్ఎంపీకి ఆసుపత్రి నుంచి ముట్టేదేదో ముడుతుందని పల్లెల్లో అందరూ అనుకునే మాటే. దాని మీద గట్టిగా అడిగేవాళ్లు ఉండాలని నాకుంటుంది, కానీ మా కేసు దాని గురించి కాదు.

ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచే అక్కకు కుడి పక్క నడుము పైన నొప్పి, సాయంత్రానికి జ్వరం. అడిగితే "కుట్ల నొప్పి, తగ్గిపోతుంది" అన్నారు. నొప్పితోనే డిశ్చార్జ్ చేశారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లకు నీళ్లలాగా కారడం మొదలైంది. రాత్రీ పగలూ ఆగదు. మళ్లీ తీసుకెళ్తే ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్స్ మార్చారు. అక్క మంచం మీద గుడ్డలు మార్చుకుంటూ, పిల్లలను గదిలోకి రానిచ్చేది కాదు. నాకు మాత్రం ఒకసారి చెప్పింది: "అబ్బీ, ఇది కుట్ల వల్ల కాదురా, నా వొళ్లు నాకు తెలీదా."

చివరికి వేలూరు తీసుకెళ్లాం. అక్కడ సీటీ స్కాన్ తీసి చెప్పారు. కుడి మూత్రపిండం నుంచి కిందికి వచ్చే నాళం, వాళ్లు యురేటర్ అంటారు, ఆపరేషన్‌లో దెబ్బతింది. మూత్రం యోనిలోకి కారుతోంది, పైన మూత్రపిండం ఉబ్బి ఉంది. మళ్లీ ఆపరేషన్ చేసి ఆ నాళాన్ని మూత్రాశయానికి కొత్తగా అతికించారు. మూత్రపిండం దక్కింది. అక్కడి సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగానే ఈ నాళం పోతుంది, అందుకే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఒక్కోసారి తగలొచ్చు అన్నారు. ఆపరేషన్ తర్వాత నడుము నొప్పి, జ్వరం ఉంటే మాత్రం మూత్రపిండాలు ఒకసారి స్కాన్ చేసి చూస్తారు అని కూడా అన్నారు. నిర్లక్ష్యం అని రాసిమ్మంటే రాయలేదు. తన కళ్లతో చూసిందే డిశ్చార్జ్ సమ్మరీలో పొల్లుపోకుండా రాశారు. అదే చాలా ఉపయోగపడింది.

వేలూరు నుంచి తిరిగొచ్చేసరికి ఊళ్లో అందరూ కోపంగా ఉన్నారు. రెండు టెంపోల్లో జనాన్ని వేసుకుని ఆసుపత్రి ముందు కూర్చుందామన్నారు. మా చిన్నాయన కొడుకు అద్దాలు పగలగొడదామన్నాడు. ఆసుపత్రుల మీద దాడికి మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, బెయిల్ కూడా తేలిక కాదు. అది పక్కన పెట్టినా, పైన వార్డులో పడుకున్న రోగులు మన జనం అరుపులకు ఏం పాపం చేశారని నాకు అనిపించింది. ఈలోగా ఒక పెద్దమనిషి నుంచి ఫోన్. లక్ష రూపాయలు ఇప్పిస్తాను, ఇక ఏ ఫిర్యాదూ చేయమని సంతకం పెట్టండి అని. బావ మెత్తబడ్డాడు. వేలూరు ఖర్చులకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఆయన్ను తప్పు పట్టలేను. వద్దన్నది అక్క. "నాకు ఏం జరిగిందో ఆ డాక్టరమ్మ తన నోటితో చెప్పలేదు. అది చెప్పించండి, డబ్బు తర్వాత" అంది.

పోలీసు కేసు గురించి లాయరు సారు మమ్మల్ని ఆపారు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, డాక్టర్ మీద క్రిమినల్ కేసు నడపాలంటే చాలా ఘోరమైన నిర్లక్ష్యం కనపడాలి, పోలీసులు ముందుగా ఆ కేసుతో సంబంధం లేని డాక్టర్, వీలైతే ప్రభుత్వ డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. మన కేసు అక్కడ నిలవదన్నారు. మనకు సరైన చోటు వినియోగదారుల కమిషన్ అన్నారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరి దగ్గరా పైసా తీసుకోని ఆసుపత్రులు మాత్రం దాని కిందికి రావు.

ముందు చేయాల్సిన పని కేస్ షీట్ తెచ్చుకోవడం. డిశ్చార్జ్ సమ్మరీ వేరు, కేస్ షీట్ వేరు. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి నర్సులు, డాక్టర్లు రాసిన ప్రతి కాగితం, ఆపరేషన్ థియేటర్‌లో రాసిన ఓటీ నోట్స్, మందుల చార్టు, ఒప్పుకోలు ఫారం అన్నీ అందులో ఉంటాయి. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి గానీ ఆమె తరఫువాళ్లు గానీ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, ఆ కాగితాలను మూడేళ్లు భద్రపరచాలి. నోటితో అడిగితే "ఎండీ సార్ ఊళ్లో లేరు" అన్నారు. అక్క సంతకంతో తెలుగులోనే అర్జీ రాసి, రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపాం. కార్డు మీద ఆసుపత్రి ముద్రతో తారీఖు పడి తిరిగొచ్చింది. గడువు దాటాక ఆ కార్డు జిరాక్స్ జతచేసి ఇంకో ఉత్తరం రాశాం. అప్పుడు ఇచ్చారు.

ఆ కాగితాలు చదవడానికి నేను రాత్రుళ్లు కూర్చున్నాను. డాక్టర్ల రాత అర్థం కాక, తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్ నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ, నర్సుల చార్టు దగ్గర ఆగింది. రాత్రి డ్యూటీ నర్సు టైముతో సహా రాసింది: జ్వరం 101, కుడి పక్క నడుము నొప్పి అంటున్నారు, డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పాను. మరుసటి రాత్రి మళ్లీ అదే, జ్వరం 102. డాక్టర్ల పేజీలో ఆ రోజుల్లో ఉన్నది "కండిషన్ ఫెయిర్" అన్న ఒక్క ముక్క. స్కాన్ రాయలేదు, రక్తపరీక్ష రాయలేదు, చూడ్డానికి వచ్చినట్టు కూడా లేదు. డిశ్చార్జ్ సమ్మరీలోనేమో ఏ ఇబ్బందీ లేకుండా కోలుకున్నారని రాశారు. ఒకే ఆసుపత్రి కాగితాలు రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నాయి. ఆ నర్సు ఎవరో నాకు తెలియదు. చిన్నపిల్లే అయి ఉంటుంది. తన పని తాను నిజాయితీగా చేసిన ఆ అమ్మాయికి మా ఇల్లంతా రుణపడి ఉంది.

ఒప్పుకోలు ఫారం ఇంకో సంగతి. ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం, ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి, కింద బావ సంతకం. అక్క పదో తరగతి చదివింది, తెలివిగా కూర్చుని ఉంది, ఆమెను అడిగినవాళ్లే లేరు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్పృహలో ఉన్న పెద్ద మనిషి విషయంలో ఒప్పుకోవాల్సింది ఆ మనిషే, ఆమెకు ప్రమాదాలు, వేరే దారులు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ కేసు కూడా గర్భసంచి గురించే.

ఫిర్యాదు వేయడం అనుకున్నంత కష్టం కాలేదు. గడువు రెండేళ్లు, అది దాటనివ్వకూడదు. వైద్యానికి కట్టిన డబ్బు 50 లక్షల దాకా ఉంటే ఇప్పుడు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, మనం ఎంత పరిహారం అడుగుతున్నామన్నది చూడరు. ఆసుపత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. మేం వేసినప్పుడు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేయడానికి ఈ-దాఖిల్ పోర్టల్ ఉండేది, 2025 జనవరి నుంచి దాని బదులు ఈ-జాగృతి వచ్చింది. లాయరును పెట్టుకునే స్తోమత లేని ఆడవాళ్లు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు, 1987 చట్టంలోనే ఉంది. ఇది చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆసుపత్రి, డాక్టరమ్మ, వాళ్ల బీమా కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాం. డాక్టర్లకు వృత్తి బీమా ఉంటుందని, పరిహారం చాలాసార్లు ఆ కంపెనీ కడుతుందని అప్పుడే తెలిసింది.

సినిమాల్లోలాగా బోనులో నిలబెట్టి అడగడం ఉండదు. అంతా అఫిడవిట్లు, రాతపూర్వక ప్రశ్నలు. వాయిదాలు చాలా పడ్డాయి. చట్టంలో మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని ఉన్నా, మాకు ఏళ్లు పట్టింది. వాళ్ల జవాబు మేం ఊహించినట్టే వచ్చింది: ఇది తెలిసిన కాంప్లికేషనే, సంతకం పెట్టారు, మాకు చెప్పకుండా వేలూరు వెళ్లిపోయారు. మా లాయరు సారు కాంప్లికేషన్ అన్నదాని మీద వాదించలేదు. వేలూరు సర్జన్ గారు కూడా అదే చెప్పారు కదా అన్నారు. ఆయన రాసిన ప్రశ్నలన్నీ ఆ రెండు రాత్రుల మీదే. నర్సు ఫోన్ చేసిందా, మీరేం చెప్పారు, ఎక్కడ రాశారు, నొప్పికి కారణం ఏమనుకున్నారు, దానికి ఏ పరీక్ష చేశారు. డాక్టరమ్మ జవాబు: "అవసరమైన సూచనలు ఇచ్చాను." ఏ కాగితంలోనూ ఆ సూచనలు లేవు.

కమిషన్ మా కాగితాలను ప్రభుత్వ వైద్య కళాశాల డాక్టర్ల కమిటీకి పంపింది. నాకు టెన్షన్ ఆగలేదు. డాక్టర్లు డాక్టర్‌కు వ్యతిరేకంగా రాస్తారా అని అందరూ నిరుత్సాహపెట్టారు. 2010లో కిషన్‌రావు కేసులో, అన్నిటికీ నిపుణుల అభిప్రాయం అక్కర్లేదని సుప్రీంకోర్టు అన్నదని లాయరు సారు ధైర్యం చెప్పారు. ఆ కేసులో మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చారు. మా కమిటీ నిజాయితీగానే రాసింది. నాళానికి దెబ్బ తగలడం ఈ ఆపరేషన్‌లో అరుదుగా జరిగేదే, దాన్నే నిర్లక్ష్యమనలేం అంది. నొప్పి, జ్వరం నమోదైనా పరీక్షలు చేయకుండా పంపడం సరైన పద్ధతి కాదు అని కూడా రాసింది.

తీర్పు ఆ దారిలోనే వచ్చింది. నాళం దెబ్బతినడానికి బాధ్యత లేదు. ఆలస్యానికి, చెల్లని ఒప్పుకోలుకు ఉంది. మేం పదిహేను లక్షలు అడిగితే వేలూరు ఖర్చు మొత్తం, బాధకు మూడు లక్షలు, కోర్టు ఖర్చులు ఇవ్వమన్నారు. బావకు మొదట నిరాశ. అక్క మాత్రం ఆ తీర్పును నా చేత తెలుగులో చదివించుకుని వింది. నడుము నొప్పి అని తను చెప్పిన మాట జడ్జి గారి కాగితంలో ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఆ పేజీ జిరాక్స్ తీసిమ్మంది.

రాష్ట్ర వైద్య మండలికి కూడా విడిగా ఫిర్యాదు పంపాం. అక్కడ డబ్బు రాదు, రిజిస్ట్రేషన్ మీద చర్య మాత్రమే. వివరణ అడిగినట్టు ఉత్తరం వచ్చింది.

ఆసుపత్రి విజయవాడలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లింది. 45 రోజుల్లో వెళ్లాలి, తీర్పు సొమ్ములో సగం కట్టాలి. కట్టారు. ఆ సగం మాకు విడుదల చేయమని అర్జీ పెట్టాం. వడ్డీ కట్టే నెల రాకముందే అది వస్తే బావకు ఊపిరాడుతుంది. మిగతాది విజయవాడలో తేలాలి.