ఆటలమ్మ నాకు పోసిందా, మా అన్నయ్యకా?

రిపోర్టు నిన్న సాయంత్రం వచ్చింది. భయం పోయింది, కోపం మాత్రం ఇంకా అలాగే ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నా.

నేను కడుపుతో ఉన్నా, ఇప్పుడు 14వ వారం. పోయిన ఆదివారం తణుకులో మా వదినగారింట్లో వ్రతం. భోజనాలయ్యాక వాళ్ల ఆరేళ్ల పిల్లాడు "అత్తా" అంటూ వచ్చి, నా ఒళ్లో తల పెట్టుకుని గంటసేపు నిద్రపోయాడు. ఒళ్లు వెచ్చగా తగిలింది, ఎండలో ఆడొచ్చాడనుకున్నా. సోమవారం పొద్దున్నే వదిన ఫోన్. వాడి పొట్ట మీద, వీపు మీద నీటి పొక్కులు. మా అత్తయ్య వింటూనే "అమ్మవారు పోసిందే" అని చెంపలేసుకున్నారు. ఆ పూట తాడేపల్లిగూడెంలో మా వంటింట్లో పోపు వెయ్యలేదు. తణుకు పిల్లాడికి దానివల్ల ఏం ఒరిగిందో తెలియదు. నేనేమీ అనలేదు లెండి.

మా అమ్మకి ఫోన్ చేసి, చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసిందా అని అడిగాను.

"పోసింది. నీకో, అన్నయ్యకో. ఒకరికి ఆటలమ్మ, ఒకరికి తట్టు. మంచం మీద వేపాకులు పరిచింది బాగా గుర్తు. ఆ మంచం మీద పడుకున్నది ఎవరో..."

"నా కనుబొమ్మ పక్కన గుంట ఉంది కదా, అది పొక్కు మచ్చేనా?"

"అది నువ్వు తిరగలి మీద పడ్డప్పటిదే."

మంగళవారం, నేను మొదట్నుంచీ చూపించుకుంటున్న ఆస్పత్రికి వెళ్లాం. పేరు రాయను. కౌంటర్లో అమ్మాయి "ఏం ప్రాబ్లం?" అంది. మెల్లగా విషయం చెప్పాను. ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, హాలంతా వినపడేలా "చికెన్ పాక్స్ కేసంట, అందరూ జరగండి!" అని అరిచింది. రెండు బెంచీల మీద కడుపుతో ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేచారు. ఒకామె అయితే కొంగు తీసి పొట్ట మీద కప్పుకుంది. నా ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, జ్వరం లేదు. వాచ్‌మన్ నన్ను తీసుకెళ్లి జనరేటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. గంటా నలభై నిమిషాలు. కరెంటు పోయి జనరేటర్ మొదలయ్యింది. నాకింకా వేవిళ్లు తగ్గలేదు, ఆ డీజిల్ వాసనకి పక్కనున్న క్రోటన్ కుండీలో వాంతి చేసుకున్నా. నీళ్లసీసా తెచ్చిచ్చింది ఆ వాచ్‌మనే. లోపలివాళ్లెవరూ బయటికి రాలేదు.

వచ్చింది ఒక చీటీ మాత్రం. డాక్టర్ నన్ను చూడకుండానే టార్చ్ టెస్టు అనే రక్తపరీక్ష రాసి పంపించారు. మా ఆయన డబ్బు కట్టేసి రసీదు తెచ్చారు. నేను రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను, తూకం చీటీలో కిలో తేడా ఉన్నా నా కంట్లో పడుతుంది. రసీదు చదివితే టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ అని ఉంది. ఆటలమ్మ వైరస్ పేరు వారిసెల్లా, అది ఎక్కడా లేదు. ల్యాబ్ కుర్రాడిని అడిగితే "హెర్పిస్ అంటే అదే మేడం" అన్నాడు. అందులో చూసేది హెర్పిస్ సింప్లెక్స్. రెండూ ఒకే కుటుంబం, అంతే. మా ఆయనా మా బావగారూ ఒకే కుటుంబం, అలాగని ఒకరి రక్తం తీసి ఇంకొకరికి షుగరుందని చెబుతారా? డబ్బు రూపాయితో సహా వెనక్కి తీసుకున్నాకే బయటికొచ్చాను.

సాయంత్రం ఇంకో డాక్టర్‌గారికి ముందు ఫోన్ చేశాం. మీరూ ఇదే చేయండి, నేరుగా వెళ్లి లైన్లో నిలబడకండి. "ఎనిమిది తర్వాత రామ్మా, పేషెంట్లు వెళ్లిపోతారు" అన్నారు. అదీ పద్ధతి. గర్భిణులున్న చోట జాగ్రత్త ఉండాల్సిందే, కాదనను. ఆ మాట మెల్లగా చెప్పొచ్చు కదా!

ఆవిడ అడిగినవి మూడే ప్రశ్నలు. పిల్లాడితో ఎంతసేపున్నావు, పొక్కులు ఎప్పుడొచ్చాయి, నీకు ఇంతకుముందు వచ్చిందా. ఒకే గదిలో పావుగంట ఉన్నా లెక్కేనట. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటుతుందట. సోకితే బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి, రెండోరోజున నావల్ల ఎవరికీ ప్రమాదం లేదు. అది విన్నాక ఏడుపొచ్చింది. 20 వారాలలోపు తల్లికి ఆటలమ్మ వస్తే బిడ్డకి ఇబ్బంది నూటికి ఒకటి రెండు కేసుల్లోనే అన్నారు, కానీ తల్లికి న్యుమోనియా వస్తే కష్టమన్నారు. ఒంట్లో యాంటీబాడీలు లేకపోతే పది రోజుల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు, చేయాలి. విజయవాడ నుంచి తెప్పిస్తానన్నారు. వ్యాక్సిన్ మాత్రం గర్భంతో ఉండగా వేయరు, అందులో ఉండేది బతికున్న వైరస్.

చీటీ మీద వారిసెల్లా ఐజీజీ అని రాసి, ఐజీజీ కింద రెండు గీతలు గీశారు. పాత రక్షణ ఉందో లేదో చెప్పేది ఐజీజీనే, ల్యాబ్‌వాళ్లు కొత్తగా సోకిందేమో చూసే ఐజీఎం చేసేస్తుంటారట. బిల్లు చేతికిచ్చేముందు ఆ మూడో అక్షరం చూసుకోండి.

రక్తం హైదరాబాద్ వెళ్లింది. మూడు రోజులు ఎలా గడిచాయో అడగొద్దు. నిన్న వచ్చింది: పాజిటివ్. రక్షణ ఉంది.

అమ్మకి చెప్పాను, పోసింది నాకేనని. కాసేపు చప్పుడు లేదు. "అయితే అన్నయ్యకి పోసింది తట్టా?" అంది.

అన్నయ్యకి 34 ఏళ్లు, బెంగళూరులో ఉంటాడు. పెద్దయ్యాక వస్తే ఇంకా గట్టిగా వస్తుందని, టెస్టు పేరు వాట్సాప్‌లో పంపాను. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది: "నాకెందుకే టెస్టు? ఆటలమ్మ నాకే పోసిందని అమ్మ ఎప్పుడో చెప్పింది."