మిద్దె తోట మూడో ఏడు: చామంతులు వెళ్లిపోయాయి, చేతులు కోలుకుంటున్నాయి

బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర మేం అద్దెకుండేది పై అంతస్తులో. మేడంతా నా చేతిలోనే ఉంది. జూన్ నాటికి 40 కుండీలు, అందులో 11 చామంతులే. మదనపల్లె నుంచి అమ్మ తడిగుడ్డలో చుట్టి పంపిన పిలకలతో మొదలైనవి. ఈసారి మొక్కల కంటే చేతుల గురించే ఎక్కువ రాస్తున్నాను. తోట పని ఎంత సాగుతుందో ఇప్పుడు చేతులే చెబుతున్నాయి.

జూన్. వానలు మొదలైన రెండో వారంలో వేళ్ల పక్కల సగ్గుబియ్యంలాంటి నీటి పొక్కులు లేచాయి. రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద. పొక్కులు ఎండి, చర్మం పొలుసులు లేచి, బొటనవేలి కీలు దగ్గర పగిలింది. మట్టి కలుపుతుంటే ఆ పగుల్లోకి వేపపిండి చేరి ప్రాణం లేచొచ్చినట్టయ్యేది. తర్వాత కంటి రెప్పలు, మెడ, మోచేతి మడతలు కూడా ఎర్రబడ్డాయి.

ఫోన్లో చెబితే అమ్మ "అది తామరే పాపా, నిమ్మరసం రాయి" అంది. మా వైపు దురద పెట్టే మచ్చ ఏదైనా తామరే. కానీ గుండ్రంగా పాకే తామర ఫంగస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నాకొచ్చింది ఎగ్జిమా, అంటే చర్మం వాచి దురద పెట్టే జబ్బు. అది అంటుకోదు. నిమ్మరసం పగిలిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది. మందుల షాపులో అడిగితే స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబ్ ఇచ్చారు. రాసినన్నాళ్లు తగ్గింది, మానేయగానే రెట్టింపు వచ్చింది. అలాంటివి చీటీ లేకుండా, ముఖ్యంగా రెప్పల మీద, దయచేసి రాయకండి.

జులై. స్కిన్ డాక్టర్ రెప్పలు, మెడ చూడగానే "గాలిలో వచ్చేదేదో పడటం లేదు" అని ప్యాచ్ టెస్ట్ చేయించారు, అంటే ఏది పడదో చర్మానికి అతికించి చూసే పరీక్ష. వీపు మీద 20 చిన్న గళ్లు అతికించారు. రెండు రోజులకు తీసి చూశారు, నాలుగో రోజు మళ్లీ చూశారు. అన్నాళ్లూ వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. 19 గళ్లు మామూలుగా ఉన్నాయి. ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉబ్బి పొక్కులు వేసింది. అది పార్థీనియం, మన వయ్యారిభామ. ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. మా ఇంటి పక్క ఖాళీ సైటు నిండా నడుమెత్తు పెరిగి ఉంది.

ముట్టుకోకపోయినా దాని ఎండిన ఆకుల నలుసులు గాలికి వచ్చి చర్మం మీద పడితే చాలట. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కూడా అదే కుటుంబం. ఒకటి పడనివాళ్లకు తక్కినవీ పడకపోవచ్చు. నేను రోజూ వాడిన పూలు గిల్లుతున్నది చామంతులకే. ఆ మాట విని క్లినిక్‌లోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

ఆగస్టు. 11 కుండీలూ కింది ఇంటి అక్కకు ఇచ్చేశాను. బంతి నారు వేయలేదు. వాటి చోట మల్లె, కనకాంబరం, రెండు మందారాలు వచ్చాయి. కనకాంబరం పూజకి సరిపోతోంది.

పనిలో మార్పులు ఇవి. లోపల పలుచటి కాటన్ గ్లౌజులు, పైన నైట్రైల్‌వి. 20 నిమిషాలకోసారి తీసి, కాటన్‌వి తడిస్తే మారుస్తాను, చెమట కూడా దురద రేపుతుంది కాబట్టి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను పొడిగా విరగ్గొట్టను, బకెట్‌లో రాత్రంతా నానబెడతాను. పని అయ్యాక గోరువెచ్చని నీళ్లు, నురగ తక్కువ వచ్చే సబ్బు. తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లోపే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే వాసన లేని పెట్రోలియం జెల్లీ. మా బోరు నీళ్లకు చేతులు మరీ బిరుసెక్కుతాయి, అందుకే మేడ మీద కుళాయి దగ్గరే ఒక డబ్బా పెట్టేశాను.

చేతులకు స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రెండు వారాలు రాయమన్నారు. కొలత కూడా చూపించారు: చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన మందు సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నేను అంతకు ముందు దాంట్లో పావు వంతు రాసి పని చేయలేదని అనుకునేదాన్ని. రెప్పలకి స్టిరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే పూత మందు ఇచ్చారు. మొదటి నాలుగైదు రోజులు మండింది, తర్వాత అలవాటైంది.

సెప్టెంబరు. సైటు యజమాని మనిషిని పెట్టి వయ్యారిభామను పీకించారు. పూత రాకముందే వేరుతో సహా పీకాలి, లేకపోతే ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. ఆ రోజంతా కిటికీలు మూసుకుని కూర్చున్నాను. సాయంత్రం గోడ పక్కన మిగిలిన ఒక మొక్క మీద మీగడ రంగు రెక్కలు, వాటి మీద గోధుమరంగు వంకర చారలున్న చిన్న పురుగు కనిపించింది. వయ్యారిభామను తినడానికని మెక్సికో నుంచి తెప్పించి, 1984లో ఈ బెంగళూరులోనే వదిలిన పురుగు జాతి అది. ఆకుల్ని జల్లెడ చేసేసింది. ఎంత సంతోషమేసిందో.

ఇప్పుడు అక్టోబరు. రెప్పలు మామూలుగా ఉన్నాయి. బొటనవేలి పగులు పూడింది, కానీ చర్మం ఇంకా గరుకుగానే ఉంది. డిసెంబరు చలిగాలికి ముందు జెల్లీ రోజుకి నాలుగుసార్లు రాసే అలవాటు చేసుకోవాలి. వచ్చే ఆదివారం మందారం కొమ్మలు కత్తిరించే పని ఉంది, అప్పటికి మోచేతి దాకా వచ్చే గ్లౌజులు కొనాలి.