ఫ్యాన్లు ఆగాక వినబడ్డ హార్ప్సికార్డ్

హన్మకొండలో ఒక పాత చర్చిలో బరోక్ సంగీతం, అంటే మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం, వాయిస్తున్నారు, టికెట్ కూడా లేదు అని తెలిసి, పోయిన ఆదివారం సాయంత్రం మా పెద్దబాపుని వెంటబెట్టుకుని కాజీపేట నుంచి ఆటోలో పోయాను. ఆయన నలభై ఏళ్లుగా భజనల్లో డోలక్ వాయిస్తున్నాడు. ఇంట్లో ఉంటే సీరియళ్లు చూడాల్సి వస్తుందని వచ్చాడు గానీ ఇష్టపడి కాదు.

మొత్తం ఐదుగురు. మూడు వయొలిన్లు, ఒక చెల్లో (పెద్ద ఫిడేలు లాంటిది), హైదరాబాద్ నుంచి వ్యాన్‌లో తెచ్చిన చిన్న హార్ప్సికార్డ్ (పియానోలా మెట్లుండే పాతకాలం వాయిద్యం). మొదటి అరగంట శృతికే పోయింది. వాళ్ల వయొలిన్లకు స్టీలు తీగలు ఉండవు, పాత పద్ధతిలో పేగుతో చేసినవి ఉంటాయి, మధ్యాహ్నం వాన పడి గాలంతా తడితడిగా ఉంది, ఇక అవి నిలిస్తే ఒట్టు. పైగా శృతి ఇప్పటివాళ్లలా సెకనుకి 440 కంపనాలకి కాకుండా 415కి, అంటే దాదాపు అరస్వరం కిందికి పెట్టుకున్నారు. పెద్దబాపు నా చెవిలో, "ఏందిరా, ఇంకా మొదలువెట్టలేదా, ఇదేనా పాట?" అన్నాడు. ఇంకో అనుమానం కూడా, ఫిడేలు నిలబడి వాయిస్తున్నరేంది అని. మనం కింద కూర్చుని వాయించే ఫిడేలు కూడా అక్కడిదే, ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకున్నాడని చెప్తే, "అట్లనా" అని ఊరుకున్నాడు.

ముందు కొరెల్లి అనే ఆయన రాసిన ట్రయో సొనాటా, అంటే వాయిద్యాలకే రాసిన ఒక రచన. ట్రయో అంటే ముగ్గురు కదా, మూడో వయొలిన్ వాయించకపోయినా ఎదురుగా నలుగురున్నారు! కాగితం మీద వరుసలు మూడే, కింది వరుసని చెల్లో, హార్ప్సికార్డ్ కలిసి పంచుకుంటాయి. హార్ప్సికార్డ్ ఆయనకు పూర్తి స్వరాలు రాసి ఇవ్వరు, అడుగు స్వరం, దానికి కొన్ని అంకెలు, అంతే. ఆ అంకెలు చూసుకుంటూ మిగతాది అప్పటికప్పుడు సొంత బుర్రతో నింపుకోవాలి. ఇదంతా చదువుకుని పోయాను గానీ నాకు వేళ్లు ఆడటం తప్ప ఏమీ వినబడలేదు. హార్ప్సికార్డ్ తీగని మీటుతుంది, పియానోలా సుత్తితో కొట్టదు, ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు. నెత్తి మీద ఆరు సీలింగ్ ఫ్యాన్లు మాత్రం బరబరా తిరుగుతున్నాయి.

సొనాటా సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకులు లేవు కాబట్టి వాళ్లు ఆపలేదు. ఫ్యాన్ల రెక్కలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగుతుంటే వయొలిన్ల కింద నుంచి సన్నగా, పక్క గదిలో ఎవరో పట్టీలు పెట్టుకుని తిరుగుతున్నట్టు, హార్ప్సికార్డ్ పైకి వచ్చింది. అది ముందు నుంచీ అక్కడే ఉంది! చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు, ఒకాయన మాత్రం పాంప్లెట్‌తో విసురుకుంటున్నాడు, ఆ చప్పుడుకి కూడా కోపం వచ్చింది నాకు.

కరెంటు రాకముందే పాకెల్‌బెల్ రాసిన కానన్ ఎత్తుకున్నారు. కొరెల్లి, పాకెల్‌బెల్ ఇద్దరూ 1653లో పుట్టినవాళ్లే, ఒకరు ఇటలీ, ఒకరు జర్మనీ. ఈ కానన్ నాకు రిసెప్షన్లలో, ఫోన్ రింగుల్లో విని విని విసుగొచ్చేసిన ముక్క, వయొలిన్ల తీపి పాట అనుకునేవాణ్ణి. పెద్దబాపు వయొలిన్ల వైపు చూడనే లేదు. కాసేపటికి నా మోచేయి గిల్లి, "ఆ పెద్ద ఫిడేలాయనను చూడు, ఎనిమిదే కొడుతున్నడు. మళ్ల అవే ఎనిమిది" అన్నాడు.

నిజమే. చెల్లోకి ఎనిమిదే స్వరాలు, మొదటి నుంచి చివరి దాకా 28 సార్లు. ఒక చుట్టు కాగానే మొదటి వయొలిన్, ఇంకో చుట్టుకి రెండోది, మరో చుట్టుకి మూడోది, ముగ్గురిదీ అదే పాట, కానన్ అంటే ఇదే. బతుకమ్మ దగ్గర ఒకామె చరణం అందుకుని ఆపితే మిగతావాళ్లు అంటారు చూడండి, ఇక్కడ ముందుదాని మాట పూర్తయ్యేదాకా వెనకది ఆగదు. పైన ఇంత తరుముకోవడం జరుగుతున్నా చెల్లో ఆయన మొహంలో టెన్షన్ లేదు, విసుగూ లేదు, ప్రతి ఎనిమిదో స్వరం దగ్గర విల్లుని కాస్త తేలిక చేసి మళ్లీ మొదటిదాని మీద ఆనిస్తున్నాడు. పెద్దబాపు తొడ మీద వేళ్లతో లెక్క వేస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అదే కానన్ ఫోన్‌లో పెట్టాను. వయొలిన్లు గణగణమంటున్నాయి, అడుగున ఏమీ లేదు. ఫోన్ స్పీకర్‌కి అంత కిందిది పలకదు మరి. పెద్దబాపు ఒక నిమిషం విని, "గిండ్ల పెద్ద ఫిడేలాయన రాలేదా?" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.