తమ్ముడి లాప్‌టాప్‌లో నోడ్
నిన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో పిన్ని వాళ్లింట్లో కూర్చుని తమ్ముడి పాత లాప్‌టాప్‌లో జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్ ఎక్కించాం. అందులో ఉన్నది ఉబుంటు 22.04 (ఒక రకం లినక్స్) కదా, దాని సొంత ఇన్‌స్టాలర్ ఏపీటీతో పెడితే వచ్చేది నోడ్ 12. నోడ్ ప్రాజెక్టు దానికి సపోర్ట్ ఆపేసింది 2022 ఏప్రిల్‌లో, అంటే ఈ ఉబుంటు విడుదలైన నెలలోనే! పైగా ఏపీటీలో ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు దించే టూల్) వేరే ప్యాకేజీ, అది అడిగితే వందల కొద్దీ చిన్న ప్యాకేజీలు వెంటబెట్టుకుని వస్తుంది, పెళ్లికి ఒకరిని పిలిస్తే ఊరంతా దిగినట్టు. మొబైల్ హాట్‌స్పాట్ మీద అదంతా ఎందుకని ఎన్‌వీఎం (నోడ్ వెర్షన్లను దించి మార్చుకునే టూల్) పెట్టించాను. అది హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, ఎన్‌పీఎం నోడ్‌తో పాటే వచ్చేస్తుంది, గ్లోబల్ ప్యాకేజీలకు సుడో (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు కాబట్టి పర్మిషన్ ఎర్రర్ల గోల తగ్గుతుంది.

"అన్నయ్యా, కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది" అని వాడు టెన్షన్ పడ్డాడు. టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) మూసి మళ్లీ తెరిస్తే సరిపోయింది. ఎన్‌వీఎం తన లైన్లను టెర్మినల్ తెరుచుకునేటప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో రాస్తుంది, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ వాటిని చదవదు, అంతే.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఎర్రర్లేమో ఇంగ్లీషు. అయినా వాడు ప్రతి లైనూ చదువుతున్నాడు, నాకు అదే నచ్చింది. నోడ్ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ దిగగానే నన్ను పక్కకి జరగమని ఎక్స్‌ప్రెస్ (నోడ్‌తో వెబ్‌సైట్లు కట్టే ప్యాకేజీ) తనే ఇన్‌స్టాల్ చేసుకున్నాడు.